మా మామ పాడిన తోడి

ఫిబ్రవరి తొమ్మిది, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలు. వికారాబాదు, మా ఇంటి మేడ మీది గది. హాజరు: నేను, మా ఇంటామె, కన్నడ సార్. గైరుహాజరు: మా బామ్మర్ది. తాండూరులో లారీకి బండలు ఎక్కుతున్నాయి, రాలేనని పొద్దున్నే ఫోను చేశాడు. విన్నది: వీణ మీద తోడి, క్యాసెట్టు నంబరు 118, రెండో వైపు. తరువాత

అంతే. "తరువాత" అన్న మాట దగ్గర ఆ రోజు నా కలం ఆగిపోయింది. యాభై ఏళ్లుగా డైరీ రాస్తున్నాను. జ్వరం వచ్చిన రోజు జ్వరం ఎంతో రాశాను. కూతురు పుట్టిన రోజు వాన ఎన్ని గంటలకు వెలిసిందో రాశాను. వాక్యం మధ్యలో వదిలేసిన పేజీ మాత్రం ఇదొక్కటే. మర్నాడు దాన్ని పూర్తి చెయ్యబోతే చోటు చాలలేదు. అందుకని విడిగా ఈ కాగితాల మీద రాస్తున్నాను. అయితే ముందుగా ఆ గది సంగతి చెప్పాలి. చెప్పుకోవడం నాకు కొంచెం ఇష్టం కూడా.

ఆ గదిలో ఉత్తరపు గోడ పొడుగునా తాండూరు బండతో చేసిన అరలున్నాయి. నీలం బండ, అద్దంలా పాలిషు పట్టినది, అంచులు చేతికి తగలకుండా గుండ్రంగా అరగదీసినది. వాటి మీద ఆరు వందల నలభై క్యాసెట్లు, డెబ్బై ఒక్క రికార్డులు, వాటికి నాలుగు రిజిస్టర్లు. అన్నీ కర్ణాటక సంగీతమే. సగానికి పైగా రేడియోలో వచ్చిన కచేరీల నుంచి నేను స్వయంగా పట్టినవి. రాగాల వారీగా ఉంటాయి. ఒక్కో రాగంలో గాత్రం ముందు, వాద్యం తరువాత. ఎవరైనా ఒక రాగం పేరు చెబితే రెండు నిమిషాల్లో తీసి చేతిలో పెడతాను. గడియారం చూసి మరీ పరీక్షించినవాళ్లున్నారు. ఒక్కసారి కూడా రెండు నిమిషాలు దాటలేదని చెప్పుకునేవాణ్ణి, ఆ ఆదివారం దాకా.

నేను రైల్వేలో గూడ్సు గుమాస్తాగా చేశాను. నవాబుపేట దగ్గర మా ఊళ్లో వ్యవసాయం తప్ప ఇంకో పని చేసినవాళ్లు మా ఇంట్లో లేరు. సంగీతం సంగతి సరేసరి. ఉద్యోగంలో ఎక్కువ కాలం తాండూరులో గడిచింది. ఎండాకాలం బండలు, చలికాలం కందులు, ఏడాది పొడుగునా దుమ్ము. మా పనిలో ఒక పద్ధతి ఉంది. వ్యాగనులో ఏముందో తలుపు మీది చీటీ చూసి చెప్పాలి. సీలు తీసి లోపల చూడడం మా పని కాదు. చీటీ సరిగా ఉంటే సరుకు సరిగా ఉన్నట్టే. ముప్ఫై ఏళ్లకు పైగా చీటీలను నమ్మి జీతం తీసుకున్న మనిషిని. ఈ మాట ఎందుకు చెబుతున్నానో ముందుకు పోతే తెలుస్తుంది.

క్వార్టర్సులో కొత్తగా కాపురం పెట్టినప్పుడు ఒక రేడియో కొన్నాను, వార్తల కోసమే. ఒక రోజు వార్తలు అయిపోయాక ఆపడం మరిచిపోయాను. ఎవరో ఒకాయన గొంతెత్తి ఒకే అక్షరాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. మాట లేదు, అర్థం లేదు. పావుగంట అలాగే నిలబడిపోయానట. అన్నం చల్లారిపోయిందని మా ఇంటామె ఇప్పటికీ దెప్పుతుంది. ఆ తరువాత టేపురికార్డరు వచ్చింది, క్యాసెట్లు వచ్చాయి. రేడియో ముందు టేపురికార్డరు పెట్టి, రెండు మీటల మీద రెండు వేళ్లు ఉంచి, ఊపిరి బిగబట్టి కూర్చోవడం వచ్చింది. కుక్కరు కూసినా, పక్కింటి పిల్ల ఏడ్చినా కచేరీలోకి ఎక్కేస్తాయి. అందుకని ఒక ఉపాయం చేశాను. స్టేషనులో పనికిరాదని పక్కన పడేసిన ఎర్ర జెండా ఒకటి తెచ్చి, రికార్డింగు నడుస్తున్నంతసేపు గుమ్మానికి కట్టేవాణ్ణి. ఎర్ర జెండా కనిపిస్తే చుట్టుపక్కల వాళ్లు, పాలామె, చివరికి మా ఆఫీసరు కూడా గేటు బయటే ఆగేవాళ్లు. రైల్వే మనుషులు కదా, జెండా ఎవరు కట్టారని అడగరు, ఆగుతారు. దాన్ని లెక్క చెయ్యకుండా లోపలికి వచ్చినవాడు ఒక్కడే, మా మామ. "నేనేమన్న గూడ్సు బండినా అల్లుడా, ఆగనీకి?" అనేవాడు.

బండల ఊళ్లో క్యాసెట్లను కాపాడడం చిన్న పని కాదు. పాలిషింగ్ యూనిట్ల నుంచి లేచే తెల్ల దుమ్ము మూసిన కిటికీల్లోంచి కూడా వస్తుంది. ప్రతి శనివారం దూది, స్పిరిటు పెట్టి టేపురికార్డరును శుభ్రం చేసేవాణ్ణి. ఏటా చలికాలంలో ప్రతి క్యాసెట్టునూ ఒకసారి ఆ చివరి దాకా, మళ్లీ ఈ చివరి దాకా తిప్పుతాను. చుట్టిన టేపు కదలకుండా ఏళ్ల తరబడి ఉంటే పొర మీద పొర అంటుకుంటుంది, ఒక పాట వెనక ఇంకో పాట దయ్యంలా వినిపిస్తుంది. ఆరు వందల నలభై తిప్పడానికి రోజుకు పది చొప్పున రెండు నెలలు దాటుతుంది. ఒక్క ఏడు కూడా మానలేదు. నాకు కంటి ఆపరేషను అయిన ఏడు మా ఇంటామె తిప్పింది, నేను పక్కన కూర్చుని నంబర్లు చదివించుకున్నాను. మా బామ్మర్ది ఇది చూసి, "ఎద్దులకు గూడ ఇంత సేవ చెయ్యరు బావా," అనేవాడు.

ఇప్పుడు మా మామ, అంటే మా ఇంటామె తండ్రి సంగతి. తాండూరుకు అవతల, కర్ణాటక సరిహద్దుకు కూతవేటు దూరంలో ఆయన కందిచేలు. తెల్ల ధోవతి, తలకు రుమాలు, మీసం. చూస్తే సంగీతం వచ్చిన మనిషని ఎవరూ అనుకోరు. వయసులో ఉన్నప్పుడు వాళ్ల ఊరి మఠంలో గుల్బర్గా దిక్కు నుంచి వచ్చిన ఒక పంతులు మూడు వానకాలాలు ఉన్నాడట. ఆయన దగ్గర హార్మోనియం, కొంచెం పాట నేర్చుకున్నాడు. ఆ తరువాత పొద్దున్నే చేను గట్టు మీద నడుస్తూ పాడుకోవడమే తప్ప మనిషి ముందు పాడలేదు. అడిగితే, "చేనుకు వినిపిస్తే కాయ పడుతది, మనుషులకు వినిపిస్తే ఏం పడుతది?" అనేవాడు.

అలాంటివాడు ఒక్కసారి పాడాడు. ముప్ఫై ఎనిమిదేళ్ల కిందటి మాట. ఆయన, మా బామ్మర్ది కలిసి హైదరాబాదు పోవాలని పొద్దున్నే మా క్వార్టరుకు వచ్చారు. బండి రెండు గంటలు ఆలస్యమని నేనే స్టేషను నుంచి కబురు తెచ్చాను. మూలన నా హార్మోనియం ఉంది. ముచ్చటపడి కొని, నేర్చుకోలేక, పైన గుడ్డ కప్పి ఉంచినది. మామ గుడ్డ తీశాడు, గాలితిత్తి నొక్కి చూశాడు, కూర్చున్నాడు. మా బామ్మర్దికి అప్పటికి ఇరవై ఏళ్లు. ట్రంకు పెట్టె ముందుకు లాక్కుని దాని మీద వేళ్లతో తాళం వేశాడు. నేను గుమ్మానికి ఎర్ర జెండా కట్టి, చేతికి అందిన క్యాసెట్టు పెట్టి మీటలు నొక్కాను. అయిపోయాక "ఏం రాగం మామా?" అని అడిగితే "తోడి" అన్నాడు. అప్పటికి నాకు రాగాల పేర్లు తెలుసు, రాగాలు తెలియవు. చీటీ మీద "మామ, తోడి" అని రాసి అంటించాను. డైరీలో రాసింది కూడా అంతే: "మామ తోడి పాడినారు. ఇరవై ఆరు నిమిషాలు. బాగున్నది." నా డైరీలో "బాగున్నది" అన్న మాట సామాన్యంగా దొరకదు. మా పెళ్లి భోజనాల గురించి కూడా "సరిపోయింది" అనే రాశాను.

తరువాతి ఐదారేళ్లలో నాకు చెవి వచ్చింది. రేడియో వింటూ, వచ్చిన పుస్తకమల్లా చదువుతూ, ఆలాపన మొదలెట్టిన అర నిమిషంలో రాగం పట్టేదాకా ఎదిగాను. ఎవరి దగ్గరా నేర్చుకోకుండా అంత రావడం నాకు గొప్పే. రేడియో సూదిని బొటనవేలంత జరిపితే కన్నడ స్టేషనులో హిందూస్తానీ వచ్చేది. ఆ దిక్కు ఎప్పుడూ జరపలేదు. ఒక సముద్రమే ఈదలేకపోతున్నాం, రెండోది ఎందుకు అనుకునేవాణ్ణి. ఆ రోజుల్లోనే ఒక వానకాలం బొద్దింకలు నా చీటీల మీద పడ్డాయి. మైదా గంజితో అంటించిన చీటీలు కదా, వాటికి పండగైంది. నూటికి పైగా క్యాసెట్లు పేరూ ఊరూ లేకుండా మిగిలాయి. నేను బెదరలేదు. ఒక్కొక్కటి పెట్టడం, మొదటి అర నిమిషం వినడం, రాగం పట్టడం, కొత్త చీటీ రాయడం, ఈసారి గోందుతో. ఇరవై రోజుల్లో అన్నీ మళ్లీ వరసలో నిలబెట్టాను. నా జీవితంలో ఇంత చక్కగా చేసిన పని ఇంకోటి లేదని ఆ రోజు రాసుకున్నాను.

మరి నాలుగేళ్లకు మామ పోయాడు. పన్నెండో రోజు భోజనాలు అయ్యాక, తిరుగు బండి కోసం చుట్టాలందరూ మా క్వార్టరులో కూర్చుని ఉండగా, మా బామ్మర్ది అన్నాడు. "బావా, నాయిన పాడిన క్యాసెట్టు పెట్టు. జర ఆయన గొంతు విందాం."

లేచి తోడి వరసకు పోయాను. పదకొండు క్యాసెట్లున్నాయి. మామ లేడు. పక్క వరసలు చూశాను, చీటీలన్నీ చదివాను. నాలుగు రోజులు వెతికాను. ఐదో రోజు డైరీలు తీశాను. మామ పాడిన రెండు నెలలకు ఒక వాక్యం దొరికింది: "బామ్మర్ది క్యాసెట్టు ఒకటి తీసుకపోయినాడు." తిరిగి తెచ్చినట్టు ఎక్కడా లేదు. ఆ పేజీని ఇంట్లో అందరి ముందూ పైకి చదివాను.

"నేను తీసుకపోయింది అది కాదనుకుంట బావా," అన్నాడు వాడు. ఆ వెంటనే, "ఏమో. యాదికి లేదు. నీ డైరీల ఉన్నదంటే ఉన్నట్టే," అన్నాడు.

వాడు ఇల్లంతా వెతికాడు. అటక దింపాడు. వాళ్ల లారీ డ్రైవర్లు పాత లారీల్లో వేసుకుని తిరిగిన క్యాసెట్ల డబ్బాలన్నీ తెప్పించి ఒక్కొక్కటీ విన్నాడు. దొరకలేదు. "నా చేతులల్లనే పోయింది," అని ఒప్పుకున్నాడు. ఆ తరువాత వాళ్ల నాన్న తద్దినం నాడు ప్రతి ఏడూ, విస్తరి ముందు కూర్చున్నాక, ఆ మాట ఒక్కసారి అనేవాడు. మేము వినేవాళ్లం. నేను రిటైరై వికారాబాదులో ఇల్లు కట్టుకున్నప్పుడు వాడు చెప్పా పెట్టకుండా లారీలో బండలు దింపించాడు. స్వయంగా కొలత తీసి, తాండూరులో తను నడిపే పాలిషింగ్ యూనిట్‌లో తనే నిలబడి పాలిషు పట్టించి, గోడ పొడుగునా ఈ అరలు కట్టించాడు. "ఒకటి పోగొట్టిన. మిగిలినయన్న సల్లగుండాలె," అన్నాడు. బండ ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది, చెద పట్టదు. వచ్చినవాళ్లందరికీ ఆ అరలు చూపించి, "మా బామ్మర్ది చేయించాడు," అని చెబుతాను. ఎందుకు చేయించాడో మాత్రం చెప్పను.

మళ్లీ ఆదివారానికి వస్తాను. కన్నడ సార్ సరిహద్దుకు అవతల, కర్ణాటకలోని సేడం దిక్కు మనిషి, సైన్సు టీచరుగా రిటైరై కూతురి దగ్గర ఉంటున్నాడు. అనంతగిరి రోడ్డు మీద పొద్దుటి నడకలో పరిచయం. ఆయన నోటిలో ఎప్పుడూ ఒక రాగం నలుగుతుంటుంది. మా గదికి రావడం అదే మొదటిసారి. అరలు చూసి, రిజిస్టర్లు తిప్పి, ఆయన మెచ్చుకుంటుంటే నా ఛాతీ పొంగింది. "ఏ రాగమైనా అడగండి సార్, రెండు నిమిషాలు," అన్నాను.

"తోడి పెట్టండి. పొద్దుటి రాగం సాయంత్రం విన్న పాపం నాకే రానీయండి."

నలభై సెకండ్లలో 118 తీసి పెట్టాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. కాసేపటికి ఒక కన్ను తెరిచాడు. "వీణ బంగారం సార్. కానీ నేను అడిగింది తోడి."

"ఇదే తోడి."

"ఛే ఛే. ఇది మాకు భైరవి."

"భైరవి కింది అరలో ఉంది, తీయమంటారా?"

"అదేం భైరవో మళ్లీ!" అని ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నా అరల ముందు నిలబడి నా తోడిని తోడి కాదన్న మనిషి అప్పటిదాకా లేడు. గొంతులు లేచినట్టున్నాయి, మా ఇంటామె సర్వపిండి పళ్లెం పట్టుకుని పైకి వచ్చింది. "ఏంది కొట్లాట?"

"మీ ఇంట్లో తోడి, మా ఇంట్లో తోడి ఒకటి కాదంటమ్మా," అన్నాడు సార్.

"నాకు తోడంటే తోడికోడలే తెలుసు. గట్లనే అనుకోండ్రి. ఇంటి పేరు ఒక్కటే, మనుషులు వేరు. పిండి సల్లారుతది, తినుండ్రి."

"సరే, మా తోడికోడలు ఎలా ఉంటుందో వినండి," అని సార్ సన్నగా గొంతు తీశాడు. నాలుగు స్వరాలు కూడా పూర్తి కాలేదు, నేను చిటికె వేశాను. "ఇది శుభపంతువరాళి. ఆరో అర, ఎడమ చివర. మూడు క్యాసెట్లున్నాయి."

"మీరేమన్నా అనండి సార్. మా సేడం దిక్కు, గుల్బర్గా దిక్కు దీన్నే తోడి అంటారు. హిందూస్తానీలో తోడి అంటే ఇదే."

పళ్లెం కింద పెట్టబోతున్న మా ఇంటామె చెయ్యి మధ్యలో ఆగింది. "నాయిన నేర్చుకున్నది గూడ గుల్బర్గా దిక్కు పంతులు కాడనే గద?" అంది.

నేను లేచాను. నాలుగడుగుల దూరం. ఆరో అర, ఎడమ చివర. మొదటిది గాత్రం, రెండోది గాత్రం. మూడోదాని మీద నా చేతిరాతే, గోందుతో గట్టిగా అంటించిన చీటీ: "శుభపంతువరాళి. హార్మోనియం. వాయించినవారు: తెలియదు." నంబరు 307. చీటీ చూస్తూనే ఆ ఇరవై రోజుల పని కళ్ల ముందు కదిలింది. అర నిమిషం విన్నాను, హార్మోనియం వినిపించింది, రాగం పట్టాను, వ్యాగను తలుపు మూసేశాను. మామ పాడడానికి ముందు చాలాసేపు వాయించాడన్న సంగతి నాకు గుర్తు లేదు. తోడి అన్నాడు కాబట్టి తోడిలోనే వెతికాను. ప్రతి చలికాలం 307ను చేతిలోకి తీసుకుని, చివరిదాకా తిప్పి, తుడిచి, మళ్లీ అక్కడే పెట్టాను. వినలేదు.

పెట్టాను. హార్మోనియం. ఒక నిమిషం, రెండు, మూడు. నాలుగో నిమిషంలో ఎవరో గొంతు సవరించుకున్న చప్పుడు, ఆ వెంటనే "ఆ" అని ఒక్క అక్షరం. మా ఇంటామె ముందుకు వంగి తనే మీట నొక్కి ఆపేసింది.

"వద్దు. వాడు లేకుండ వినద్దు."

కన్నడ సార్‌కు ఏమీ తెలియదు, కానీ తెలిసినవాడిలాగే లేచాడు. చెప్పులు వేసుకుంటూ, "రెండు నిమిషాలు దాటలేదు సార్," అని నెమ్మదిగా అని వెళ్లిపోయాడు. ఫోను చేద్దామా అని నేను అడిగాను. "ఆనాడు అందరిముందు సదివిన్రు. ఇది ఫోన్ల చెప్తరా?" అంది. డైరీ ముందు కూర్చుని "తరువాత" అని రాసి, మూసేశాను.

సోమవారం పొద్దుటి ప్యాసింజరుకు ఇద్దరం తాండూరు పోయాము. టేపురికార్డరు నా సంచిలో, క్యాసెట్టు ఆమె ఒళ్లో, మెత్తటి గుడ్డలో చుట్టి. మామ పాడిన ఏటి డైరీ కూడా తీసుకుపోయాను. దారి పొడుగునా ఎలా మొదలుపెట్టాలా అని వాక్యాలు పేర్చుకున్నాను. అరవై ఏళ్లకు దగ్గరపడిన మనిషి, సగం వయసు ఒక తప్పును మోశాడు. ఆ తప్పు వాడిది కాదు. నా పద్ధతి మీద వాడికున్న నమ్మకమే వాడి నోరు మూసింది. ఇప్పుడు నేను నోరు తెరిస్తే వాడి దగ్గర నా మాటకు, నా డైరీకి ఏం విలువ మిగులుతుంది? స్టేషను దిగేసరికి పేర్చుకున్న వాక్యాల్లో ఒక్కటీ మిగల్లేదు.

వాడు యూనిట్ ముందే ఉన్నాడు, కనుబొమ్మల దాకా తెల్ల దుమ్ముతో. మిషన్ల చప్పుడులో అరుస్తూ, "ఏందక్కా, చెప్పకుండ వచ్చిన్రు? అంత మంచిదేనా?" అన్నాడు. మా ఇంటామె తన సంచిలోంచి ఒక గుడ్డ తీసింది. వెలిసి గులాబీ రంగుకు తిరిగిన నా ఎర్ర జెండా. అది ఇంకా ఉందని నాకే తెలియదు. దాన్ని గేటుకు కట్టింది. వాడు జెండాను చూశాడు, నా సంచిని చూశాడు. వెనక్కి తిరిగి చెయ్యి ఎత్తాడు. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. పాలిషు పట్టిన బండల మీంచి నీళ్లు కారే చప్పుడు మాత్రం మిగిలింది.

"నువ్వు పోగొట్టలే," అన్నాను. "నా కాడనే ఉన్నది. నేనే తప్పు చీటీ రాసిన. నువ్వు కట్టిచ్చిన అర మీదనే ఉన్నది, ఇన్నేండ్లు."

వాడు ఒక బండ మీది నీళ్లు తువ్వాలతో తుడిచి, టేపురికార్డరు పెట్టడానికి చోటు చేశాడు.

ఇరవై ఆరు నిమిషాలు. టేపు ఎక్కడా తెగలేదు, అంటుకోలేదు, ఒక పాట వెనక ఇంకో పాట వినిపించలేదు. ఏటా తిప్పినందుకు అది నాకిచ్చిన జీతం అనుకున్నాను. మామది గొప్ప గొంతు కాదు. కొంచెం బొంగురు, పైకి పోయినప్పుడు సన్నగా చీలుతుంది. కానీ స్వరం మీద కాలు పెట్టాడంటే గట్టు మీద పెట్టినట్టే, జారదు. ఆయన పాట ఎత్తుకోగానే ట్రంకు పెట్టె మీద తాళం మొదలైంది. బామ్మర్ది వేళ్లు వాడికి తెలియకుండానే తడి బండ మీద కదిలాయి. ఒకచోట టేపులో తాళం తడబడింది. "తప్పిన!" అని వాడు నవ్వాడు. అప్పటికే కళ్ల నుంచి కారుతున్న నీళ్లు దుమ్ములో రెండు చారలు గీశాయి.

పదిహేనో నిమిషం దాటాక, మామ పై షడ్జం పట్టుకుని ఉండగా, దూరంగా ఇంజను కూత వినిపించింది. క్వార్టర్సు పట్టాల పక్కనే కదా. పాట ఆగింది, తాళం ఆగింది. తరువాత మాట, ఇక్కడే, మా ముగ్గురి మధ్య కూర్చుని అన్నట్టు: "బండిని పోనియ్యుండ్రి. దాని టైము దానిది, మన టైము మనది." గూడ్సు బండి పోతూనే ఉంది. నేను అలవాటు కొద్దీ చప్పుడును బట్టి వ్యాగన్లు లెక్కపెట్టాను, నలభై రెండు. చివరిది దాటిపోయాక మామ ఎక్కడ ఆపాడో సరిగ్గా అక్కడి నుంచే అందుకున్నాడు, ఆ షడ్జం దగ్గరి నుంచే.

అయిపోయాక బామ్మర్ది అడిగాడు. "ఏ అర అన్నవ్?"

"ఆరోది. శుభపంతువరాళి."

"గదేం పేరు బావా, లగ్గం పత్రిక లెక్క! అయితే, ఇరవై ఎనిమిదేండ్ల సంది నన్ను దొంగను చేసినవు. నేను తీసుకపోయింది అక్క వినే సినిమా పాటల క్యాసెట్టు. ఇప్పుడు యాదికొచ్చింది."

డైరీ తెరిచి ఆ పేజీ చూపించాను. డైరీ అబద్ధం చెప్పలేదు, "క్యాసెట్టు ఒకటి" అని మాత్రమే ఉంది. మిగిలింది నేను చదివాను. కలం వాడి చేతికిచ్చి, "నువ్వే దిద్దు," అన్నాను. దుమ్ము చేతిని లుంగీకి తుడుచుకుని, ఆ వాక్యం కింద పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు: "గీ క్యాసెట్ నేను తీసుకపోలే. బావనే దాసిండు." వాళ్లక్క చదివి నవ్వింది. యాభై ఏళ్ల నా డైరీల్లో నాది కాని చేతిరాత అదొక్కటే.

క్యాసెట్టు వాడి దగ్గరే ఉంచమన్నాను. వాడు ఒప్పుకోలేదు. "నాకు రోజు వినేటట్టు ఫోన్ల ఎక్కిచ్చి పంపియ్యి. అసలుది నీ కాడనే ఉండాలె. ఏటా తిప్పుతవు గద." గేటుకు కట్టిన జెండా విప్పి, మడిచి అక్క చేతిలో పెట్టాడు. వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. మిషన్లు మళ్లీ లేచాయి, మా మాటలు మాకే వినిపించలేదు.

ఇంటికి వచ్చి 307కు కొత్త చీటీ రాశాను: "మామ, తోడి. ఆయన చెప్పినట్టే." నాలుగు రిజిస్టర్లలో ఎక్కడ పెట్టాలో తెలియని క్యాసెట్టు అదొక్కటే కాబట్టి, అరల మధ్యలో విడిగా నిలబెట్టాను. బండి వెళ్లిపోయేదాకా ఆగి, ఆపిన స్వరం దగ్గరే మళ్లీ అందుకోవడం మామకు చేతనైంది. నాకు నేర్చుకోవడానికి ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది.